ఒక మనిషికి ఒక చదరపు మీటరు

స్విట్జర్లాండ్‌లో 1960ల తర్వాత కట్టిన అపార్ట్‌మెంట్ల నేలమాళిగల్లోకి దిగితే సైకిళ్లు, స్కీలు, వైన్ సీసాలు, పాత సూట్‌కేసులు కనిపిస్తాయి. వాటి మధ్య ఒక తలుపు మాత్రం ఆ సామానుకి పొంతన లేకుండా ఉంటుంది. జానెడు మందాన కాంక్రీటు, దానికి ఇనుప గడియలు. లోపల గోడకి బిగించిన యంత్రం ఒకటి, దాని నుంచి పొడుచుకొచ్చిన చేతిపిడి. యుద్ధమో, అణుప్రమాదమో వస్తే ఆ భవనంలో వాళ్లంతా తలదాచుకునే గది అది. మామూలు రోజుల్లో ఆలుగడ్డల బస్తా పెట్టుకునేదీ అందులోనే.

ఈ గదుల గురించి మాట్లాడేవాళ్లు ఎక్కువగా భయం గురించి మాట్లాడతారు, లేదా ఆ దేశపు తటస్థ విధానం గురించి. నాకు మాత్రం ముందు కనబడేది పనితనం. సైనికుల కోసం కట్టిన కోటల్లో వాటిని వాడటం తెలిసినవాళ్లే ఉంటారు. ఈ గదిలోకి వచ్చేది మూడో అంతస్తులో ముసలావిడ, రెండో అంతస్తులో చంటిపిల్లతో తల్లి, నిన్నగాక మొన్న అద్దెకు దిగిన కుర్రాడు. వీళ్లెవరికీ తర్ఫీదు లేదు. కరెంటు పోవచ్చు, చేతులు వణకవచ్చు. అయినా గది పనిచేయాలి. ప్రతి కొలతా, ప్రతి గడియా ఈ ఒక్క షరతుకి లొంగి తయారైంది.

దీనికి పునాది 1963 అక్టోబర్‌లో చేసిన చట్టం. కొత్తగా ఇల్లు కట్టేవాళ్లు నేల కింద రక్షణ గది కట్టాలని, దేశంలో నివసించే ప్రతి మనిషికీ ఇంటికి దగ్గరలో ఒక చోటు ఉండాలని ఆ కాలంలో పెట్టుకున్న లక్ష్యం. ఇవాళ అక్కడ 3,60,000కి పైగా రక్షణ గదులున్నాయి. వాటిలో సుమారు 90 లక్షల మందికి చోటుంది. జనాభా కూడా దాదాపు అంతే. చట్టం చెప్పింది నివాసుల గురించి, పౌరసత్వం గురించి కాదు. జూరిక్‌లోనో బాసెల్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ కాపురముంటున్న తెలుగు కుటుంబం కూడా ఆ లెక్కలో ఉన్నట్టే.

లెక్క మొదలయ్యేది మనిషికి 1 చదరపు మీటరు నేల, 2.5 ఘనపు మీటర్ల గాలి అన్న కొలతతో. వినగానే ఊపిరాడనట్టు అనిపిస్తుంది. ఒక మంచానికే 1.3 చదరపు మీటర్లు కావాలి కదా, మరి మనిషికి ఒకటి ఎలా సరిపోతుంది? మంచాలు మూడంతస్తులవి. ముగ్గురి వాటా 3 చదరపు మీటర్లు. ముగ్గురూ ఒకరి పైన ఒకరు పడుకుంటే 1.3 పోయి, 1.7 మిగులుతుంది. ఆ మిగిలిన దానిలోనే నడవడం, కూర్చోవడం, సామాను, పిల్లల ఆట. ఎవరూ నేల మీద పడుకోనక్కర్లేదు, వంతులు వేసుకుని నిద్రపోనక్కర్లేదు. ఎంత ఇరుకైనా ప్రతి మనిషికీ తనదంటూ ఒక పడక ఉండాలని పట్టుబట్టినవాళ్ల మీద నాకు గౌరవం కలుగుతుంది. ఎంతసేపు లోపల ఉండాల్సి వస్తుందో తెలియని చోట, నిద్ర లేని మనుషులే ఒకరికొకరు ప్రమాదంగా మారతారు.

తలుపు దగ్గర కాసేపు ఆగాలి. మామూలు చిన్న గది తలుపు 80 సెంటీమీటర్ల వెడల్పు, 185 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందం. ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఇనుప చట్రం, అందులో అల్లిన చువ్వలు. కాంక్రీటు పోసేది కట్టే చోటే. పూర్తయ్యాక దాని బరువు 700 కిలోలు దాటుతుంది. అంత బరువున్నా, సరిగ్గా నిలబెట్టిన మడతబందుల మీద పెద్దవాడు ఒక్కడు తోస్తే కదులుతుంది. అది తెరుచుకునేది బయటివైపుకి. ఇందులోనే ఉంది తెలివంతా. బయట పేలుడు జరిగితే ఆ అల తలుపుని లోపలికి నెడుతుంది, అంటే ద్వారబంధంలోకి మరింత గట్టిగా దిగ్గొడుతుంది. దెబ్బని కాచేది గడియలూ కాదు, మడతబందులూ కాదు. నాలుగువైపులా తలుపు ఆనుకుని ఉన్న కాంక్రీటు గోడ. ఈ గదులు తట్టుకోవాల్సిన ఒత్తిడి 1 బార్, అంటే చదరపు మీటరుకి 10 టన్నులు. ఆ చిన్న తలుపు మీద పడేది దాదాపు 15 టన్నులు. గడియల పని వేరు. తలుపు అంచున ఉన్న రబ్బరు పట్టీని ద్వారబంధానికి నొక్కిపట్టి, సందుల్లోంచి విషవాయువు రాకుండా చూడటమే వాటి పని. దెబ్బకి ఒకటి, వాయువుకి ఒకటి. రెండు పనుల్నీ కలిపేసి ఒకే భాగం మీద మోపలేదు.

ఇల్లు కూలి ఆ తలుపు ముందే రాళ్లగుట్ట పడితే? అందుకే మరో దారి ఉంది. గోడలో 60 సెంటీమీటర్ల వెడల్పు, 80 సెంటీమీటర్ల ఎత్తున్న కాంక్రీటు మూత, దాని వెనక పైకి తీసుకుపోయే బావిలాంటి సన్నని మార్గం. అవసరమైన చోట నేల కింద పాకుతూ పోయే గొట్టం కూడా వేస్తారు. ఇల్లు కూలినప్పుడు శిథిలాలు ఎంత మేర పడతాయో అంచనా కట్టి, ఆ మేర దాటాక బయటపడేలా దాని నోరు పెడతారు. కట్టేవాడు తను కట్టిన ఇల్లు కూలడాన్ని కూడా ప్లానులో గీసుకోవడం మామూలు విషయం కాదు.

ఇక ఊపిరి సంగతి. ఈ గది అసలు గొప్పతనం అక్కడే ఉంది.

తిండి లేకుండా మనిషి వారాలు బతుకుతాడు, నీళ్లు లేకుండా కొన్ని రోజులు. మూసేసిన గదిలో గాలి గంటల్లో పాడవుతుంది. ఊరికే కూర్చున్న మనిషి గంటకి 15 నుంచి 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. అతని వాటా 2.5 ఘనపు మీటర్లు, అంటే 2,500 లీటర్లు. గంటన్నరకల్లా అందులో దాదాపు 1 శాతం ఆ వాయువే అవుతుంది. మరికొన్ని గంటలు పోతే తలనొప్పి, ఆయాసం, తర్వాత అపాయం. కాబట్టి గాలి బయటి నుంచి రావాలి. కాని బయటి గాలిలోనే విషం ఉందనుకుంటే? ఈ ముడిని విప్పిన తీరు చూడండి.

గాలి లోపలికి వచ్చే గొట్టం మొదట్లో ఒక పేలుడు కవాటం ఉంటుంది. పేలుడు అల తగిలితే ఆ విసురుకే అది మూసుకుపోతుంది, అల పోగానే తెరుచుకుంటుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. తర్వాత దుమ్ముని ఆపే ముతక వడపోత. ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. బయట విషం లేదని తెలిసినంతకాలం గాలి నేరుగా ఫ్యాన్‌లోకి వస్తుంది. అప్పుడు మనిషికి గంటకి 6 ఘనపు మీటర్లు. విషవాయువో, రేడియోధార్మిక ధూళో ఉందని హెచ్చరిక వస్తే గాలిని గ్యాస్ ఫిల్టర్ గుండా మళ్లిస్తారు. అందులో సన్నని ధూళిని పట్టే పొర, దాని వెంట యాక్టివేటెడ్ కార్బన్ అనే బొగ్గు. ఫిల్టర్ గుండా లాగడం కష్టం కాబట్టి మనిషికి వచ్చేది గంటకి 3 ఘనపు మీటర్లే. ఆ సగం గాలితో కూడా కార్బన్ డయాక్సైడ్ 1 శాతానికి లోపే ఆగుతుంది. సుఖంగా ఉండదు, ప్రాణానికి భయం లేదు. యంత్రాల పరిమాణం కూడా ఈ లెక్క మీదే నిర్ణయించారు. గంటకి 40 ఘనపు మీటర్లు వడగట్టేది 13 మందికి, 75ది 25 మందికి, 150ది 50 మందికి.

గ్యాస్ ఫిల్టర్‌ని కొన్ననాడే సీలు వేసి ఉంచుతారు. తెరిస్తే గాలిలోని తేమనీ, వాసనల్నీ పీల్చుకుని బొగ్గు శక్తి తగ్గిపోతుంది. అందుకని ఆదేశం వచ్చేదాకా దాన్ని ముట్టుకోకూడదు. తీరా అవసరమైననాడు సీలు తీసి గొట్టం తగిలించడానికి పనివాడు అక్కర్లేదు, పక్కనే గోడ మీద ఉన్న బొమ్మల కాగితం చాలు.

ఫ్యాన్‌కి మోటారు ఉంది. కరెంటు పోతే చేతిపిడి ఉంది. ఒకరు అలిసిపోతే ఇంకొకరు తిప్పుతారు. ఈ పిడిని చూస్తే నాకు ఇంకొకటి కూడా తోస్తుంది. చీకట్లో చేతులు ముడుచుకు కూర్చున్న జనానికి చేయడానికి ఒక పని దొరుకుతుంది. పదిహేనేళ్ల పిల్లవాడు కూడా తన వంతు తిప్పగలడు. తాను తిప్పితేనే ఆ గదిలో అందరికీ ఊపిరి. డిజైన్ చేసినవాళ్లు ఇది ఆలోచించారో లేదో గాని, వాళ్లు పెట్టిన పిడి ఈ పనికీ పనికొస్తుంది.

ఫ్యాన్ బయటి నుంచి గాలిని తోస్తూ ఉంటే గదిలో ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువవుతుంది. అంచేత ఎక్కడైనా సన్నని పగులున్నా గాలి లోపలి నుంచి బయటికే పోతుంది, విషం లోపలికి రాలేదు. వాడిన గాలి పోవడానికి గోడలో ఒక కవాటం పెట్టారు. లోపలి ఒత్తిడికి అది తెరుచుకుంటుంది, బయటి ఒత్తిడికి మూసుకుంటుంది. మరుగుదొడ్డి పెట్టేది గాలి బయటికి పోయే ఆ దిక్కునే. మంచి గాలి మనుషుల మీదుగా వచ్చి, దుర్వాసనని వెంటబెట్టుకుని పోతుంది. ఒక్క చేతిపిడి తిప్పితే ఊపిరీ, విషం నుంచి రక్షణా, వాసన వదలడమూ మూడూ జరుగుతున్నాయి.

ఫిల్టర్‌కి చేతకాని పని ఒకటుంది. కార్బన్ మోనాక్సైడ్‌ని బొగ్గు పట్టలేదు. పైన ఇల్లు తగలబడుతుంటే యంత్రాన్ని ఆపాలి. అప్పుడు ఆధారం గదిలో ఉన్న గాలే, మనిషికి 2.5 ఘనపు మీటర్లు. మొదట ఇరుకుగా తోచిన ఆ కొలత అప్పుడు కొన్ని గంటల ప్రాణం అవుతుంది.

మరుగుదొడ్డి నీళ్లు అక్కర్లేనిది, 30 మందికి ఒకటి. సంచి పెట్టి, మూత వేసి వాడేది. దాని గురించి ఇంతకన్నా చెప్పాల్సింది లేదు. కాని మంచాలతో పాటు అది కూడా ముందే కొని గదిలో ఉంచడం యజమాని బాధ్యత.

ఇక్కడికి వచ్చేసరికి పాఠకుడికి ఒక ప్రశ్న తట్టాలి: తిండి ఎక్కడ? గదిలో ఎక్కడా డబ్బాల వరసలు కనిపించవు. చాలామంది ఊహించుకునే ఏడాదికి సరిపడా సరుకు, తాళాలు వేసిన అల్మరాలు అక్కడ లేవు. స్విస్ ఏర్పాటులో నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. తిండి పైన వంటింట్లో ఉంటుంది. దిగేటప్పుడు వెంట తెచ్చుకుంటారు.

జాతీయ సరఫరాల్ని చూసే ప్రభుత్వ కార్యాలయం ప్రతి ఇంటికీ ఇచ్చే సలహా చిన్నది. మనిషికి 9 లీటర్ల నీళ్లు, అంటే మూడు రోజులకి. లీటరున్నర సీసాలు ఆరు కట్టగా దొరుకుతాయి కాబట్టి ఒక మనిషికి ఒక కట్ట. లెక్క దుకాణం అరలోనే అయిపోతుంది. సుమారు వారానికి సరిపడా తిండి. బ్యాటరీ రేడియో, టార్చి, అదనపు బ్యాటరీలు, కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, సబ్బు, రోజూ వేసుకునే మందులు, కొంత చిల్లర నగదు, పిల్లి ఉంటే దానికీ తిండి. అణువిద్యుత్ కేంద్రాలకు 50 కిలోమీటర్లలోపు ఉన్న ఇళ్లకి అయోడిన్ మాత్రలు ముందే పంచిపెట్టారు. ఈ సలహాకి అక్కడ ప్రాస కలిసిన ఒక నినాదం ఉంది, తరతరాలుగా జనం నోట్లో నానుతోంది.

ప్రత్యేకమైన తిండేదీ కొనొద్దంటారు. రోజూ తినేదే కొంచెం ఎక్కువ ఉంచుకోండి, పాతది ముందు తినండి, కొత్తది వెనక పెట్టండి. కొత్త ఆవకాయ పెట్టాక కూడా ముందు పాత జాడీనే ఖాళీ చేసే ఇల్లాలికి ఈ పద్ధతి ఎవరూ నేర్పనక్కర్లేదు. ఆపద కోసమని విడిగా దాచిన సరుకు గడువు దాటి పారేయాల్సి వస్తుంది. రోజూ చేయి తగిలే సరుకు పాడవదు. పిల్లలకి ఆ తిండి అలవాటైనదే కాబట్టి, భయంలో కూడా గొంతు దిగుతుంది.

సరుకు ఎంపికకీ కింద గదికీ ఒక సంబంధం ఉంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచి దాదాపు 100 వాట్ల వేడి వస్తుంది. 30 మంది ఉంటే 3 కిలోవాట్లు, చిన్న గదిలో పెద్ద హీటర్లు వెలిగించి పెట్టినంత. దానికి తోడు పొయ్యి వెలిగిస్తే వేడీ, పొగా, ప్రాణవాయువు ఖర్చూ. కాబట్టి అక్కడ వంట లేదు. గ్యాస్ స్టవ్ పైన ఇంట్లో ఉన్నప్పటికే. కిందికి తీసుకెళ్లే సంచిలో బియ్యం కన్నా గట్టి రస్కులు, జున్ను, ఎండు పళ్లు, డబ్బాల్లోని ఆహారం, చాక్లెట్, పాడవని పాల ప్యాకెట్లు పనికొస్తాయి. పైన ఉండాల్సి వచ్చే ఆపదకి బియ్యం, పాస్తా, నూనె. సలహాల జాబితాలో రెండు రకాలూ పక్కపక్కనే ఉంటాయి.

నిజానికి పైన ఉండాల్సి వచ్చే ఆపదలే ఎక్కువ. 1986 నవంబర్ 1 తెల్లవారుజామున బాసెల్ పక్కన ష్వైజర్‌హాలేలో సాండోజ్ కంపెనీ రసాయన గిడ్డంగి తగలబడింది. సైరన్లు మోగాయి. కిటికీలు మూసుకుని ఇళ్లలోనే ఉండమన్నారు. రైన్ నదిలో చేపలు గుట్టలుగా చచ్చాయి. ఆ పొద్దున బాసెల్ జనానికి ఎక్కువ పనికొచ్చింది మూసుకున్న కిటికీ, రేడియో, వంటింటి అల్మరా.

మన విశాఖపట్నానికి ఇది తెలియంది కాదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటాక కరెంటు లేదు, ఫోన్లు లేవు, కుళాయి నీళ్లు లేవు, ఏటీఎంలు పనిచేయలేదు. నీళ్ల కోసం, పాల కోసం వరసలు కట్టాల్సి వచ్చింది. స్విస్ జాబితాని ఆ రోజుల పక్కన పెట్టి చదివితే అందులో ఒక్క వస్తువు కూడా వృథా అనిపించదు. మనిషికి 9 లీటర్లు, కొంచెం నగదు, ఒక రేడియో. తుఫాను తీరంలో ఏ మధ్యతరగతి ఇల్లూ దీనికి వెనకాడనక్కర్లేదు.

వంటింటి నిల్వ వెనక ఇంకో నిల్వ ఉంది. పంచదార, బియ్యం, వంటనూనె, గోధుమల వంటివి దిగుమతి చేసుకునే కంపెనీలు దేశానికి కొన్ని నెలలకి సరిపడా సరుకు తప్పనిసరిగా నిల్వ ఉంచాలి. ఆ జాబితాలో కాఫీ కూడా ఉంది. కాఫీలో కేలరీలు దాదాపు లేవు, ప్రాణాధారం కాదు, తీసేద్దామని 2019లో ప్రభుత్వం ప్రతిపాదించింది. వ్యతిరేకత వచ్చింది, కాఫీ నిలిచింది. జనమే గెలవాల్సిన వాదన అది. నేల కింద ఇరుక్కున్న మనిషికి కాఫీ దేనికని కేలరీల లెక్కతో తేల్చలేం.

ఇంత ముందుచూపుకి మూలం ఆకలి జ్ఞాపకం. రెండో ప్రపంచయుద్ధంలో చుట్టూ యుద్ధం చేస్తున్న దేశాలు, మధ్యలో సముద్రం లేని ఈ దేశం. 1940లో ఫ్రీడ్రిష్ ట్రౌగాట్ వాలెన్ అనే వ్యవసాయ నిపుణుడు సాగు పెంచే ప్రణాళిక వేశాడు. జూరిక్ నడిబొడ్డున ఉన్న మైదానంలో కూడా పంట వేశారు. ఆ తరమే తర్వాత చట్టాలు చేసింది.

పెద్దగా కట్టబోయి దెబ్బతిన్న సందర్భం కూడా ఉంది. లూసర్న్ దగ్గర సోనెన్‌బెర్గ్ కొండ కింద రోడ్డు సొరంగాన్నే 20,000 మందికి రక్షణ స్థలంగా 1976లో సిద్ధం చేశారు. ఆసుపత్రితో సహా అన్నీ పెట్టారు. సొరంగం మూసే తలుపులు ఒకటిన్నర మీటరు మందం, ఒక్కొక్కటి 350 టన్నులు. 1987లో పెద్ద ఎత్తున సాధన చేసి చూస్తే ఒక తలుపు పూర్తిగా మూసుకోలేదు. వేలమందిని ఒకచోట చేర్చి, మంచాలు మోసి, దారులు చూపడం కాగితం మీద ఉన్నంత తేలిక కాదని కూడా తెలిసింది. చివరికి దాన్ని 2,000 మందికి కుదించారు. ఒకరి ముఖం ఒకరికి తెలిసిన పాతిక మంది, ఒక మనిషి తోయగల తలుపు, ఒక చేయి తిప్పగల ఫ్యాన్: చిన్న గదికి ఉన్న ఈ బలం కొండకి లేకపోయింది.

చిన్న గదిని కాపాడుతున్నది దాని రోజువారీ వాడకమే. ఎవరూ దిగని నేలమాళిగలో చెమ్మ పడుతుంది, రబ్బరు ఎండిపోతుంది, ఎవరూ గమనించరు. వైన్ సీసాల కోసం వారానికోసారి దిగే మనిషి గోడ మీద తడి చూస్తాడు. చట్టం ఆ వాడకాన్ని ఒప్పుకుంటుంది, కాని కొన్ని షరతులతో. గోడలు కొట్టొద్దు, తలుపు తీయొద్దు, యంత్రం జోలికి పోవద్దు, ఆదేశం వస్తే 5 రోజుల్లో ఖాళీ చేసి సిద్ధం చేయాలి. సామాను అరల్ని విడదీయడానికి వేసే అడ్డాలు కూడా చెక్క పట్టీలతో చేసినవి, విప్పేస్తే పోతాయి.

2011 మార్చి మొదట్లో పార్లమెంటు దిగువ సభ ఇళ్లలో ఈ గదుల నిబంధనే వద్దని ఓటు వేసింది. ఆ వెంటనే ఫుకుషిమా ప్రమాదం జరిగింది. నిబంధన రద్దు కాలేదు గాని మెత్తబడింది. 2012 నుంచి 38 నివాస గదులు, అంతకు మించి ఉన్న కొత్త భవనాలకే అది తప్పనిసరి. మూడు గదులకి ఇద్దరి లెక్కన అది 25 మందికి చోటు. అంతకన్నా చిన్న ఇల్లు కట్టేవాళ్లు డబ్బు చెల్లించాలి, ఆ నిధితో ప్రభుత్వం ఉమ్మడి గదులు కట్టిస్తుంది, ఉన్నవాటిని బాగు చేయిస్తుంది. ఖర్చు లెక్కలో ఇది సబబే. కాని పిల్లల్నీ, ముసలివాళ్లనీ, నీళ్ల సీసాల్నీ మోసుకుంటూ వీధి చివరికి నడవడం మెట్లు దిగడంతో సమానం కాదు. సొంత మెట్ల కింద గది ఉండాలన్న పాత పట్టుదలే సరైనదని నా అభిప్రాయం.

కనీసం పదేళ్లకోసారి తనిఖీ జరుగుతుంది. వచ్చిన మనిషి తలుపు మూసి రబ్బరు పట్టీ చూస్తాడు, గోడల్లో పగుళ్లు, చెమ్మ చూస్తాడు, అత్యవసర దారి మూత తెరుస్తాడు, ఫిల్టర్ సీలు చెదరలేదని నిర్ధారించుకుంటాడు, మోటారు వేసి ఫ్యాన్ తిరగడం చూసి, మోటారు ఆపి చేత్తో తిప్పి చూస్తాడు. లోపాలుంటే రాసి ఇస్తాడు. బాగు చేయించుకోవాల్సింది యజమాని.